గర్భస్థ శిశువు హక్కు: షరీఅత్ హద్దు, చట్టం గడువు

దివ్యఖుర్ఆన్‌లోని తక్వీర్ సూరా ప్రళయ దృశ్యాలను ఒకదాని వెంట ఒకటిగా మన కళ్ల ముందు నిలుపుతుంది. సూర్యుడు చుట్టివేయబడతాడు, నక్షత్రాలు రాలిపోతాయి, పర్వతాలు కదిలిపోతాయి. అంతటి భయానక వర్ణన నడుమ 8, 9 వాక్యాలలో ఒక పసిపాప ప్రస్తావన వస్తుంది. సజీవంగా పూడ్చిపెట్టబడిన ఆ పాపను, ఏ నేరానికి నిన్ను చంపారని అడగటం జరుగుతుంది. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఇక్కడ ఒక విషయం గమనించమన్నారు. ప్రశ్న హంతకునికి కాదు, హతురాలికి. మాట్లాడించటానికి కూడా తగనంతగా ఆ తండ్రి దైవాగ్రహానికి గురయ్యాడన్నమాట.

ఈ వాక్యాలు చదివినప్పుడు మనం ఆనాటి అరబ్బుల అజ్ఞానానికి నిట్టూర్చి ముందుకు సాగిపోతాం. అది పద్నాలుగు వందల ఏళ్లనాటి ఎడారి సంగతి అనుకుంటాం. కాని ఈ రోజు గొయ్యి తవ్వవలసిన అవసరం లేదు. మూడో నెలలో రహస్యంగా చేయించే స్కానింగు ఉంది, వీధి చివర మందుల దుకాణం ఉంది, ఎవరికీ తెలియకుండా ఒక్కపూటలో పని ముగించి ఇంటికి పంపే ఆసుపత్రి ఉంది. బిడ్డ ముఖం కనబడదు, ఏడుపు వినబడదు. అందుకే కాబోలు, అది ఒక ప్రాణానికి సంబంధించిన విషయమన్న స్పృహ కూడా చాలా ఇళ్లలో కలగటం లేదు. నమాజు, రోజాల విషయంలో మస్అలా అడిగి తెలుసుకునే కుటుంబాలు సైతం కడుపు తీయించే విషయంలో డాక్టరునే తప్ప ధర్మవేత్తను అడగటం లేదు.

కారణాలు రెండే

అజ్ఞాన కాలంలో సంతానాన్ని చంపటానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉండేవి. ఒకటి ఆడపిల్ల పుట్టిందన్న అవమానం. నహల్ సూరా 58, 59 వాక్యాలు ఆ తండ్రి పరిస్థితిని కళ్లకు కట్టినట్లు చెబుతాయి. ఆడపిల్ల పుట్టిందన్న వార్త వినగానే అతని ముఖం నల్లబడుతుంది, జనానికి ముఖం చూపలేక దాక్కుంటాడు, అవమానాన్ని భరిస్తూ ఆ పిల్లను ఉంచుకోవాలా లేక మట్టిలో కప్పెట్టాలా అని తర్జనభర్జన పడతాడు.

రెండవది పేదరికం. దీన్ని ఖుర్ఆన్ రెండు చోట్ల ప్రస్తావించింది, రెండు చోట్లా మాటల కూర్పు వేరు. అన్ఆమ్ సూరా 151వ వాక్యం పేదరికం కారణంగా పిల్లల్ని చంపవద్దంటుంది. ఇక్కడ అల్లాహ్ ముందుగా తల్లిదండ్రులకు, ఆ తరువాత పిల్లలకు ఉపాధి ఇచ్చేది తానేనని తెలుపుతాడు. బనీ ఇస్రాయీల్ సూరా 31వ వాక్యం పేదరికం వస్తుందేమోనన్న భయంతో చంపవద్దంటుంది. అక్కడ ముందుగా పిల్లల ఉపాధిని, తరువాత తల్లిదండ్రుల ఉపాధిని ప్రస్తావిస్తాడు. మొదటి చోట సంబోధన ఇప్పటికే లేమిలో ఉన్నవాడికి. అతనికి తన పూట గడవటమే సమస్య, కనుక అతని ఉపాధికే ముందు భరోసా. రెండో చోట సంబోధన ఇప్పటికి బాగానే ఉండి, రేపు ఈ బిడ్డ వల్ల తగ్గిపోతుందేమోనని భయపడేవాడికి. కనుక ఆ బిడ్డ తన ఉపాధితోనే వస్తుందని ముందు చెప్పటం జరిగింది. ఒక్క పదం అటూ ఇటూ కావటంలో ఇంత అర్థం ఉంది.

మన కాలంలో ఎక్కువమంది ఈ రెండో కోవకే చెందుతారు. ఇల్లు గడవక కాదు, ఇంటి కంతులు తీరలేదని, పిల్లవాడి కార్పొరేట్ స్కూలు ఫీజు ఉందని, పెద్దదానికి రెండేళ్లు కూడా నిండలేదని ఆసుపత్రికి వెళుతున్నారు.

కడుపులో ఉన్నది ఎవరు?

మూమినూన్ సూరా 12 నుండి 14 వరకు గల వాక్యాలు మానవ సృష్టి దశలను వివరిస్తాయి. మట్టి సారం, వీర్యబిందువు, గడ్డ, మాంసపు ముద్ద, ఎముకలు, ఎముకలపై మాంసం. ఆ తరువాత అల్లాహ్ దాన్ని మరో సృష్టిగా నిలబెడతాడు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దాని ప్రకారం నలభై రోజుల చొప్పున మూడు దశలు గడిచాక దైవదూత వచ్చి ఆత్మను ఊదుతాడు, అతని ఉపాధి, ఆయుష్షు, ఆచరణ, అదృష్ట దురదృష్టాలు రాయబడతాయి. మన ధర్మశాస్త్రంలో తరచుగా వినిపించే 120 రోజుల లెక్కకు ఇదే ఆధారం.

అయితే ఆ 120 రోజులకు ముందు గర్భంలో ఉన్నది వట్టి రక్తపు ముద్దేనని, దానికి ఏ హక్కూ లేదని అనుకోవటం పొరపాటు. ప్రవక్త మహనీయుల (స) కాలంలో హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీలు కొట్లాడుకున్నారు. ఒకామె రాయి విసరగా గర్భవతిగా ఉన్న రెండో ఆమె కడుపులోని శిశువు మరణించింది. ఆ శిశువుకు పరిహారం (గుర్రా) చెల్లించాలని దైవప్రవక్త (స) తీర్పు ఇచ్చారు. అప్పుడు చెల్లించవలసిన పక్షంవారిలో ఒకతను అభ్యంతరం లేవదీశాడు. తిననిదానికి, తాగనిదానికి, కనీసం కేర్‌మని ఏడవనిదానికి పరిహారమేమిటన్నాడు. అదీ ప్రాసలు కూర్చి మరీ అన్నాడు. ప్రవక్త (స) అతని మాటల్ని జోస్యగాళ్ల ప్రాసలతో పోల్చి తోసిపుచ్చారు. నేడు ఎంతో ఆధునికమైనదిగా చలామణి అవుతున్న వాదన, ఇంకా పుట్టనిది మనిషెలా అవుతుందన్న వాదన, ఆనాడే వచ్చింది. దానికి జవాబు కూడా ఆనాడే లభించింది.

మరో విషయం. భార్య గర్భవతిగా ఉండగా భర్త మరణిస్తే ఆస్తి పంపకంలో కడుపులోని బిడ్డకు వాటా తీసి ఉంచాలి. ఇంకా పేరు కూడా పెట్టని బిడ్డ షరీఅత్ దృష్టిలో వారసుడు. ఇక గామిదియా స్త్రీ ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఆమె వ్యభిచారం చేశానని తానుగా వచ్చి ఒప్పుకుంది, తనను శిక్షించి పరిశుద్ధం చేయమని కోరింది. ఆమె గర్భవతి అని తెలిసి ప్రవక్త (స) ప్రసవం వరకు తిప్పి పంపారు. ప్రసవించి వస్తే, పాలు మాన్పించాక రమ్మన్నారు. తల్లి నేరం రుజువైన చోట కూడా బిడ్డ హక్కు అంతగా కాపాడబడింది. పరువు పోతుందని పెళ్లికాని కూతురిని రాత్రికి రాత్రి పొరుగూరి ఆసుపత్రికి తీసుకుపోయే పెద్దలు ఈ హదీసును ఒకసారి నెమ్మదిగా చదవాలి. (అత్యాచారానికి గురైన స్త్రీ సంగతి వేరు. ఆమెకు 120 రోజుల లోపు అనుమతి ఉందని నేటి ధర్మవేత్తలు పలువురు చెప్పారు.)

నాలుగు నెలల లెక్క

ఆత్మ ఊదబడిన తరువాత, అంటే 120 రోజులు దాటాక, గర్భవిచ్ఛిత్తి నిషిద్ధమన్న విషయంలో నాలుగు మస్లక్‌ల ధర్మవేత్తలు ఏకాభిప్రాయంతో ఉన్నారు. తల్లి ప్రాణం నిజంగా ప్రమాదంలో పడినప్పుడు మాత్రం, విశ్వసనీయులైన వైద్యులు ఆమెను కాపాడటానికి మరో దారి లేదన్నప్పుడు, నేటి ధర్మవేత్తలు అనుమతించారు. బిడ్డ తల్లిపై ఆధారపడిన ప్రాణం, తల్లి ఇప్పటికే బ్రతికి ఉన్న ప్రాణం. ఆమెను బలి ఇవ్వమని ధర్మం చెప్పదు.

120 రోజుల లోపు విషయంలో అభిప్రాయభేదాలు ఉన్నాయి. మాలికీ పండితులు గర్భం నిలిచిన క్షణం నుంచే నిషిద్ధమన్నారు. ఇమామ్ గజాలీ (రహ్మ) కూడా, గర్భం రాకుండా జాగ్రత్తపడటం వేరు, వచ్చినదాన్ని తొలగించటం వేరని, దశలు గడిచేకొద్దీ నేరం పెరుగుతూ పోతుందని వివరించారు. హంబలీలలో కొందరు నలభై రోజుల లోపు అనుమతించారు. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్‌లో పలువురు 120 రోజుల లోపు తగిన కారణం (ఉజ్ర్) ఉంటే అనుమతి ఉందన్నారు. ఆ కారణానికి పాత గ్రంథాలలో ఇచ్చిన ఉదాహరణ చూడండి. చంటిబిడ్డ తల్లికి మళ్లీ గర్భం నిలిచి పాలు ఆగిపోయాయి, దాదిని పెట్టే స్తోమతు తండ్రికి లేదు, చంటిబిడ్డ ప్రాణానికే ముప్పు. కారణమంటే ఇదీ! “ఇప్పుడే వద్దనుకున్నాం” అన్నది కాదు. హనఫీ మస్లక్‌లో అనుమతి ఉందట అని సగం మాట పట్టుకుని ఊరేగేవారు ఈ ఉదాహరణను మరచిపోతారు.

శిశువుకు నయంకాని తీవ్ర అవకరం ఉన్నట్లు తేలితే ఏమిటన్నది ఈ కాలపు ప్రశ్న. 1990లో మక్కాలో జరిగిన ఇస్లామీ ఫిఖ్హ్ మండలి 12వ సమావేశం దీనిపై నిర్ణయం ప్రకటించింది. నమ్మకస్తులైన వైద్య నిపుణుల బృందం పరీక్షల ద్వారా ధ్రువీకరిస్తే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు అనుమతించవచ్చు. ఆ గడువు దాటితే అవకరం ఉన్నా అనుమతి లేదు, తల్లి ప్రాణాపాయం తప్ప.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలామందికి తెలియక చిక్కుల్లో పడుతున్నారు. ధర్మవేత్తలు 120 రోజులను గర్భం నిలిచిన నాటి నుండి లెక్కిస్తారు. డాక్టర్లు చివరి నెలసరి మొదటి రోజు నుండి వారాలు లెక్కిస్తారు. రెండింటి మధ్య సుమారు రెండు వారాల తేడా ఉంటుంది. అంటే షరీఅత్ చెప్పిన 120 రోజులు డాక్టరు లెక్కలో దాదాపు 19 వారాలు. అవయవ లోపాలు చూసే టిఫా స్కానింగు సాధారణంగా 18 నుండి 20 వారాల మధ్య చేస్తారు. సరిగ్గా ఆ హద్దు మీదే అన్నమాట! ఏదైనా లోపం బయటపడి, మరో డాక్టరు అభిప్రాయం తీసుకుని, ఇంట్లో ఆలోచించుకునేలోపు గడువు దాటిపోతుంది. కనుక ముందు కాన్పులో లోపం గల బిడ్డ పుట్టిన తల్లులు, మేనరికం గల దంపతులు 11 నుండి 13 వారాల మధ్య చేసే మొదటి స్కానింగును వాయిదా వేయకూడదు. తలసేమియా వాహకులైన దంపతులకు 10, 12 వారాల్లోనే పరీక్ష చేసే వీలుంది. ఇంకా మంచిది, సంబంధం ఖాయం చేసుకునే ముందే ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవటం. వధువు రంగు, ఎత్తు గురించి వంద ప్రశ్నలు అడిగేవారికి ఈ ఒక్క పరీక్ష భారం కాకూడదు.

దేశ చట్టం ఏమంటున్నది?

1860 నాటి భారత శిక్షాస్మృతి గర్భవిచ్ఛిత్తిని నేరంగా పరిగణించింది, తల్లి ప్రాణ రక్షణ కోసమైతే మినహాయింపు. దొంగచాటుగా నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని ఎందరో స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం 1964లో శాంతిలాల్ షా కమిటీని నియమించింది. ఆ కమిటీ సిఫారసుల మీద 1971లో మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం వచ్చింది. తల్లుల మరణాలు ఆపాలన్న ఉద్దేశాన్ని మనం తప్పుపట్టం. అయితే ఆ చట్టమే, కుటుంబ నియంత్రణ సాధనం విఫలమై గర్భం వచ్చినా తొలగించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. మొదట వివాహితలకే పరిమితమైన ఈ వెసులుబాటు 2021 సవరణతో “స్త్రీ, ఆమె భాగస్వామి” అన్న మాటలతో విస్తరించింది. 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం చాలు. తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ తరువాత కూడా వీలుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితలకూ 24 వారాల గడువు వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది.

24 వారాలంటే మన లెక్కలో 154 రోజులు. షరీఅత్ హద్దు దాటి నెలకు పైగా. డాక్టరు “చట్టప్రకారం చేయవచ్చు” అన్నప్పుడు ఆయన తన పరిధిలో నిజమే చెబుతున్నాడు. జైలు శిక్ష లేదని మాత్రమే దాని అర్థం. సారాయి దుకాణానికీ లైసెన్సు ఉంటుంది, వడ్డీ ఖాతాకూ పాసు పుస్తకం ఉంటుంది.

ప్రభుత్వాల విధానం కాలంతో పాటు మారుతుంది. “మేమిద్దరం, మాకిద్దరు” అని గోడల మీద రాసిన రోజులు మనకు తెలుసు. 1975-77 ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లూ చూశాం. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టంలో నిబంధన పెట్టారు. ముప్పై ఏళ్ల తరువాత 2024 నవంబరులో అదే రాష్ట్ర శాసనసభ, జననాలు తగ్గిపోతున్నాయని, ఆ నిబంధనను తొలగించింది. ఈ మధ్యకాలంలో ఆ నినాదాలను నమ్మి వద్దనుకున్న బిడ్డల మాటేమిటి? అమెరికాలో 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కును 2022లో అదే కోర్టు రద్దు చేసింది. అక్కడి వాదోపవాదాలు చూసి మన యువకులు కొందరు ఏదో ఒక పక్షం ఎంచుకోవాలనుకుంటున్నారు. మనకు ఆ అవసరం లేదు. తల్లి ప్రాణం పోతున్నా నేరుగా గర్భం తొలగించరాదన్న కేథలిక్ చర్చి వైఖరి మనది కాదు. నా శరీరం నా ఇష్టమన్న వైఖరి అంతకంటే కాదు. మన శరీరమే మనది కాదు, అది అల్లాహ్ అమానతు.

ఒక చట్టాన్ని మాత్రం మనం మనస్ఫూర్తిగా స్వాగతించాలి. కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్షించి చెప్పటాన్ని నేరంగా పరిగణించే 1994 నాటి చట్టం అది, 2003లో మరింత కట్టుదిట్టమైంది. అయినా దేశంలో ఆరేళ్లలోపు ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 945, 2001లో 927, 2011లో 918. ముస్లింలలో ఇది 2001లో 950, 2011లో 943. సగటు కంటే మేలే కదా అని సంతోషించేవారు, పదేళ్లలో మనదీ తగ్గిందన్న సంగతి గమనించాలి. తక్వీర్ సూరా చదివే సమాజంలో ఆ ఏడుగురు ఎందుకు తగ్గారు?

ముందు జవాబు చెప్పవలసింది ఎవరు?

కట్నం అడిగేవారు. హైదరాబాదులో “జోడే కీ రకం” అంటారు, కోస్తాలో కట్నమనే అంటారు, పేరేదైనా ఇస్లాంలో దానికి చోటు లేదు. మహర్ ఇవ్వవలసినవాడు మగవాడు. నాలుగో ఆడపిల్ల అనగానే తండ్రి గుండె జారిపోవటానికి కారణం ఆ పిల్ల కాదు, ఇరవై ఏళ్ల తరువాత ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ధర చెప్పబోయే పెండ్లివారు. జుమా ప్రసంగాలలో భ్రూణహత్యను ఖండించి, అదే వారంలో కట్నం పెళ్లిలో విందు ఆరగించటం ఎక్కడి న్యాయం?

ఆ తరువాత భర్త, అత్తగారు. ఆసుపత్రికి వెళ్లేది కోడలే అయినా నిర్ణయం తరచుగా ఆమెది కాదు. చట్టప్రకారం గర్భవిచ్ఛిత్తికి కావలసింది ఆ స్త్రీ సమ్మతి మాత్రమే. ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించటం భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష వరకు పడగల నేరం. ఇంట్లోనుంచి గెంటేస్తామని బెదిరించి తీసుకున్న సంతకాన్ని సమ్మతి అని ఏ మనస్సాక్షి ఒప్పుకుంటుంది? తల్లిని బిడ్డ కారణంగా, తండ్రిని బిడ్డ కారణంగా కష్టపెట్టకూడదని బఖరా సూరా 233వ వాక్యం ఆదేశిస్తున్నది. సోదరీమణులారా! ఇలాంటి ఒత్తిడి ఎదురైతే మీ పుట్టింటివారికి, నమ్మకమైన ఆలిమ్‌కు, అవసరమైతే పోలీసులకు చెప్పటం మీ హక్కు.

పిల్లల మధ్య ఎడం పాటించటం వేరు. దివ్యఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లో తాము అజ్ల్ పాటించేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. భార్యాభర్తలు ఇద్దరూ సమ్మతించి తాత్కాలిక పద్ధతులు అనుసరించటాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. ఆ జాగ్రత్త ముందు తీసుకోకుండా, నెల తప్పగానే మందుల దుకాణానికి పరుగెత్తటం నేడు అలవాటైంది. గర్భస్రావపు మాత్రలకు 2002లో మన దేశంలో అనుమతి లభించింది. డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మకూడదు. పిండం గర్భసంచిలో కాక నాళంలో నిలిచి ఉంటే ఆ మాత్ర పనిచేయదు సరికదా, నాళం చిట్లి లోపలే రక్తస్రావమై తల్లి ప్రాణం మీదికి వస్తుంది. (నాళంలో నిలిచిన గర్భం బిడ్డగా ఎదగలేదు, దానికి చికిత్స చేయించుకోవటంలో సంశయించకూడదు.)

ఇతరులను వద్దని వారించేవారికి కూడా ఒక మాట. దైవదౌత్యానికి పూర్వం మక్కాలో జైద్ బిన్ అమ్ర్ బిన్ నుఫైల్ అనే సత్యాన్వేషి ఉండేవారు. ఎవరైనా కూతురిని చంపబోతుంటే వెళ్లి, చంపవద్దు, ఈమె ఖర్చు నేను భరిస్తాననేవారు. పిల్ల పెద్దదయ్యాక తండ్రి దగ్గరకు వెళ్లి, కావాలంటే తీసుకో, లేదంటే నేనే చూసుకుంటాననేవారు. ఇది బుఖారీలో ఉంది. ఆయన పాపమని చెప్పి ఊరుకోలేదు, పాలు, బట్టలు తన మీద వేసుకున్నారు. మన మసీదుల బైతుల్‌మాల్‌లో ప్రసవం ఖర్చుకు, బాలింత పోషణకు ఒక పద్దు ఉందా? జకాతు లెక్క చూసే రమజాన్ నెలలో కమిటీలవారు దీన్ని చర్చించటం బాగుంటుంది.

తెలియక, లేదా ఒత్తిడికి లొంగి ఇదివరకే కడుపు తీయించుకున్న సోదరీమణులు కొందరు ఏళ్ల తరబడి నిద్రపట్టక బాధపడుతుంటారు. వారి కోసం తౌబా ద్వారం తెరిచే ఉంది. ఎన్ని రోజుల గర్భం, ఏ పరిస్థితి, ఎవరి నిర్ణయం అన్న వివరాలతో ఒక ముఫ్తీని అడిగి తమపై పరిహారం ఏమైనా ఉందేమో తెలుసుకోవాలి. భర్త బలవంతం చేసి ఉంటే ఆ ప్రశ్న అడగవలసింది మొదట భర్త.

ఇక దానంతట అదే కడుపు పోయిన తల్లికి ఏ పాపమూ లేదు. ఆమెను నిందించేవారే పాపం మూటగట్టుకుంటున్నారు. అవయవాలు ఏర్పడిన శిశువు ప్రాణం లేకుండా పుడితే హనఫీ మస్లక్ ప్రకారం జనాజా నమాజు లేదు. కాని స్నానం చేయించాలి, శుభ్రమైన గుడ్డలో చుట్టాలి, పేరు పెట్టాలి, ఖబరస్తాన్‌లో పూడ్చాలి. ఆసుపత్రి చెత్తతో పాటు వదిలిరాకూడదు. అప్పగించమని అడిగితే బిడ్డను ఇస్తారు. తండ్రి వెళ్లి అడగాలి.